ఉద్యోగం మానే ముందు దుంగలు కొనండి: విశాఖలో కొయ్య శిల్పం మీద బతకడం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీకు 27 ఏళ్ళు, పరవాడ వైపు ఒక కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. నాన్నగారు వడ్రంగి, ఇప్పుడు లేరు. ఆయన పెట్టెలోని ఉలులతోనే నాలుగేళ్ళుగా సెలవు రోజుల్లో బొమ్మలు చెక్కుతున్నారు. ఉద్యోగం వదిలేసి పూర్తిగా ఈ పనిలోకి దిగాలని ఉంది, అమ్మగారు ఒప్పుకోవడం లేదు. విశాఖలో ఉండి కొయ్య శిల్పం మీద బతకొచ్చా, ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చేయాలా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. తుప్పు పట్టిన ఉలుల గురించి కూడా చివర్లో అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. బతకొచ్చు. కానీ ఇప్పుడే మానకండి. ఈ నెల జీతం నుంచే కలప కొని ఆరబెట్టడం మొదలుపెట్టండి. అది ఆరడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. రాజీనామా అప్పుడు రాయండి.

ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి. నేను 1994లో ఒక ఫర్నిచర్ షాపులో తలుపుల మీద లతలు చెక్కే పనివాడిగా చేరాను. ఐదేళ్ళు అక్కడ, ఆ తర్వాత విజయనగరం వైపు గుళ్ళకు వాహనాలు చేసే మా గురువుగారి దగ్గర మరో నాలుగేళ్ళు. ఇప్పుడు పెందుర్తి దగ్గర రేకుల షెడ్డు, ఇద్దరు కుర్రాళ్ళు, నేను.

సొంతంగా పెట్టుకున్న మొదటి ఏడాదే పెద్ద ఆర్డరు వచ్చింది. బీచ్ వైపు ఒక హోటల్ వాళ్ళు లాబీలో పెట్టడానికి, తలమీద చేపల గంపతో నడుస్తున్న ఒక మత్స్యకార స్త్రీ విగ్రహం అడిగారు, ఐదున్నర అడుగులది. నిద్రగన్నేరు దుంగ తెచ్చాను. సామిల్లు ఆయన "ఆరింది, తీసుకెళ్ళు" అన్నాడు. చెట్టు కొట్టి ఎనిమిది నెలలే అయిందని నాకు తెలుసు. పైన పొడిగానే కనబడింది, గడువు దగ్గరపడింది, నాకు డబ్బు అవసరం. చెక్కేశాను.

విగ్రహం బాగా వచ్చింది. ఇప్పటికీ ఆ చీర కుచ్చెళ్ళ మడత నాకు గుర్తుంది. లాబీలో పెట్టిన ఐదో వారం ఫోన్ వచ్చింది. వెళ్ళి చూస్తే మెడ కింద వెంట్రుక మందాన ఒక గీత. పది రోజుల తర్వాత ఆ గీతలో రూపాయి బిళ్ళ దూరింది. సన్నటి చెక్క చీలిక చేసి జిగురు పెట్టి కూర్చాను. అక్కడ మూసుకుంది, కింద కడుపు దగ్గర తెరుచుకుంది. లాబీలో రాత్రింబవళ్ళు ఏసీ నడుస్తుంది. ఏసీ గాలి పైచెక్కలోని తడిని లాగేస్తుంది, లోపల చెక్క ఇంకా పచ్చిగానే ఉంటుంది. పైభాగం కుంచించుకుపోతుంటే లోపలి భాగం కదలదు. ఇక చీలడం తప్ప ఆ చెక్కకు వేరే దారి లేదు. వాళ్ళు విగ్రహం వెనక్కి పంపించారు. తీసుకున్న అడ్వాన్సు 14 నెలల పాటు కొంచెం కొంచెంగా తిరిగి కట్టాను.

అందుకే ఎవరు ఏం అడిగినా నేను కలప దగ్గరే మొదలుపెడతాను. చెయ్యి తిరగడం, పేరు రావడం అవన్నీ తర్వాతి మాట. ఆరిన కలప ఎంత ఉందో అదే మీ పెట్టుబడి. అది లేని శిల్పి ఆర్డరు వచ్చినప్పుడల్లా సామిల్లుకు పరిగెత్తాలి, అక్కడ దొరికిన పచ్చి దుంగతో పని చేయాలి, ఆ తర్వాత ఫోన్ మోగినప్పుడల్లా టెన్షన్ పడాలి.

గట్టి కలపకు మా వాళ్ళు చెప్పే లెక్క, అంగుళం మందానికి సుమారు ఏడాది. నాలుగంగుళాల పలకకు నాలుగేళ్ళా అని భయపడకండి, కొన్ని జాతులు తొందరగా ఆరతాయి, బాగా గాలి తగిలితే ఇంకా తొందరగా. కానీ అడుగు మందం దుంగ అలాగే వదిలేస్తే నడిబొడ్డు దాకా ఆరడం మీరు చూడలేరు. అందుకే దుంగను నిలువునా రెండుగా కోయించాలి, నడిబొడ్డు తీయించేయాలి. చీలికలు ఎక్కువగా పుట్టేది అక్కడే. కోసిన రోజే రెండు చివర్లకూ కరిగించిన మైనం కానీ, పాత ఎనామిల్ పెయింట్ కానీ దట్టంగా పూయాలి. చివర్ల నుంచి తడి తొందరగా పోతుంది కాబట్టి పగులు అక్కడే మొదలవుతుంది. నేల మీద పెట్టకుండా కింద అడ్డచెక్కలు వేయాలి, పలకకూ పలకకూ మధ్య సన్నటి బద్దలు పెట్టాలి. ఎండ పడకూడదు, గాలి ఆడాలి. ఆరాక పెద్ద విగ్రహం చేసేటప్పుడు వీపు వైపు నుంచి లోపల తొలిచేయండి. గోడకు ఆనే వైపు ఎవరూ చూడరు, బొమ్మకు మాత్రం ఊపిరాడుతుంది.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుందంటే, తేమ కొలిచే మీటరు ఉంటే మంచిదే. నేను చేసేది తూకం. ప్రతి దుంగ మీద సుద్దతో కొన్న తేదీ, బరువు రాసి ఉంటాయి. నెలకోసారి కాటా మీద పెడతాను. మొదట్లో నెలకు కేజీలు తగ్గుతాయి, తర్వాత గ్రాములు. వరసగా మూడు నెలలు తూకం కదలకపోతే అది మన ఊరి గాలికి ఆరినట్టు. మన ఊరి గాలికి అని ఎందుకన్నానంటే, సముద్రం పక్కన గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. అదే చెక్క ఏసీ గదికి వెళ్తే ఇంకా ఆరుతుంది. ఏసీ హాలుకు వెళ్ళే విగ్రహమైతే, చెక్కే ముందు ఆ దుంగను నెలా రెండు నెలలు ఏసీ ఉన్న గదిలో ఉంచే ఏర్పాటు చేసుకోండి. నేను తెలిసిన ఆఫీసులో ఒక మూల అడిగి పెట్టించుకుంటాను.

ఏ చెక్క అని అడగబోతారు. టేకు నమ్మకమైనది, ఖరీదు. దాంట్లోనూ చేవ తేలిన భాగమే తీసుకోండి, అంచున ఉండే తెల్లచెక్కను పురుగు వదలదు. గుమ్మడి టేకు తేలిక, మెత్తన, మొదట్లో చెయ్యి కుదరడానికి చాలా బాగుంటుంది. వేప నాకు ఇష్టం, దానికి పురుగు బాధ తక్కువ, కాకపోతే నార మెలితిరిగి ఉంటుంది, ఉలి ఒక వైపు పోతుందనుకుంటే ఇంకో వైపు లాగుతుంది. పనస రంగు అందంగా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా ముదురుతుంది. ఎర్రచందనం జోలికి మాత్రం వెళ్ళకండి, ఎవరు తక్కువకిస్తామన్నా సరే. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. కాబట్టి సామిల్లు బిల్లు, ఎవరి దగ్గర కొన్నారో ఆ కాగితం భద్రంగా దాచండి. నా షెడ్డులో గోడకు ఒక ఫైలు వేలాడుతుంటుంది, అందులో అవే ఉంటాయి.

హుద్‌హుద్ తుఫాను మీకు గుర్తుండే ఉంటుంది, మీరప్పుడు కుర్రాళ్ళు. 2014 అక్టోబరు 12. మర్నాడు బయటికొస్తే ఊళ్ళో నీడ లేదు. రోడ్లన్నీ చెట్లే. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కొన్ని రోజుల తర్వాత ఎంవీపీ కాలనీలో ఒక పెద్దాయన ఇంటి ఆవరణలో పడిపోయిన వేప చెట్టును కట్టెల కింద ముక్కలు చేయిస్తుంటే ఆపి అడిగాను. మాను భాగం నాకిచ్చారు, కాగితం కూడా రాసిచ్చారు. లారీ దొరకడమే కష్టమైంది. కోయించి, చివర్లకు మైనం పూసి, తేదీ రాసి పెట్టాను. 2017 చివర్లో దాంట్లో మొదటి ముక్క తీశాను. ఆ చెట్టు నుంచి మొత్తం ఏడు బొమ్మలు వచ్చాయి, ఒక్కటీ పగల్లేదు. పెద్దాయన ఒకరోజు షెడ్డుకొచ్చి, ఆ చెట్టు మా ఆవిడ నాటింది, పూజకు ఒక పీట చేసిపెడతావా అని అడిగారు. మిగిలిన పలకతో చేసిచ్చాను. ఆ వేపవి ఇంకా రెండు ముక్కలు నా దగ్గరున్నాయి.

ఇక అసలు భయం, డబ్బు సంగతి. ఒక్క రకం పనిని నమ్ముకుని ఈ ఊళ్ళో ఎవరూ నిలబడలేరు. నా మొదటి పదేళ్ళలో పది రూపాయలు వస్తే నాలుగు గుడి వాహనాలు, పూజా మందిరాల నుంచి, మూడు మెమెంటోలు, హోటళ్ళ అలంకరణ పనుల నుంచి, రెండు పాత విగ్రహాల మరమ్మతుల నుంచి. నా మనసుకు తోచి చేసిన శిల్పాల నుంచి వచ్చింది ఒక్క రూపాయి. ఇప్పుడది నాలుగు రూపాయలయింది. అందుకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆర్డరు పనిని చిన్నచూపు చూడకండి. ఫైన్ ఆర్ట్స్ చదివిన పిల్లలు కొంతమంది అది కళ కాదంటారు, నేను ఒప్పుకోను. గరుడ వాహనం చేసేటప్పుడే నాకు కొలత అంటే ఏమిటో తెలిసింది. మన శిల్పశాస్త్రంలో 12 అంగుళాలు ఒక తాలం. నవతాలం అంటే 108 అంగుళాల బొమ్మ. ఇది టేపు మీది అంగుళం కాదు, బొమ్మ ఎత్తును బట్టి మారే అంగుళం. గురువుగారు తాటాకు మీద ఆ భాగాలు గీసి ఇచ్చేవారు. ముఖం ఒక తాలం అనుకుంటే మిగతా శరీరమంతా దాన్నుంచే పుడుతుంది. ఈ లెక్క చేతికి పట్టాక, దాన్ని ఎక్కడ దాటాలో నా సొంత బొమ్మల్లో నాకు తెలిసింది.

విశాఖకు ఉన్న మంచి ఏమిటంటే ఇక్కడికి వచ్చేపోయేవాళ్ళు ఎక్కువ. నేవీ ఉంది, పోర్టు ఉంది, స్టీల్ ప్లాంటు ఉంది. బదిలీలు, రిటైర్మెంట్లు, వీడ్కోలు సభలు ఏడాది పొడవునా జరుగుతుంటాయి. చెక్క మీద చెక్కిన ఓడ, లైట్‌హౌస్, పేరుతో ఒక ఫలకం, ఇలాంటివి నన్ను చాలా ఏళ్ళు ఆదుకున్నాయి. ఇది కొత్తేమీ కాదు. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివాళ్ళు ఏనుగు దంతం పొదిగి చేసిన కుర్చీలు, పెట్టెలు ఓడలెక్కి వెళ్ళాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అలాంటివి ఇప్పటికీ ఉన్నాయి. అప్పుడు కొన్నదీ ఈ రేవుకు వచ్చిన బయటివాళ్ళే. దంతం వ్యాపారం ఇప్పుడు నేరం, ఆ పని పోవడమే మంచిది. కానీ ఆ చేతుల ఊరు మనది.

తలుపుల పనిని మాత్రం నమ్ముకోకండి. కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ యంత్రం గజలక్ష్మి పలకను ఒక్క రాత్రిలో కోసి ఇస్తుంది, రేటులో మనం దాంతో పోటీ పడలేం. నాతో షాపులో పనిచేసిన వాళ్ళలో చాలామంది అలాగే పని మానేశారు. అయితే ఇక్కడ మామూలుగా వాడే యంత్రం పైనుంచి కిందికే కోస్తుంది. వేళ్ళ వెనక ఖాళీ, చెవికీ జుట్టుకీ మధ్య లోతు, పమిట కింద చీకటి, అక్కడికి దాని బిట్టు వెళ్ళదు. దారిలో కణుపు వస్తే ఆగి ఆలోచించడమూ దానికి రాదు. మీ పనిని ఆ లోతుల్లోకి తీసుకెళ్ళండి.

ధర చెప్పడం అందరూ తప్పు చేసే చోటు. నా లెక్క మామూలు లెక్కే. పట్టిన రోజులను మంచి వడ్రంగి రోజు కూలితో గుణించండి. దానికి కలప ఖర్చు కలపండి. ఆ కలపను మూడేళ్ళు మీరు దాచారు, దానికీ కొంత వేయండి. షెడ్డు అద్దె, కరెంటు, రవాణా. ఆ మొత్తం మీద నాలుగో వంతు మీ ఆలోచనకు. గ్యాలరీలో పెడితే వాళ్ళ కమిషన్ మూడో వంతు, ఒక్కోసారి సగం దాకా ఉంటుంది, అది ముందే కలుపుకోవాలి. షెడ్డులో ఒక ధర, గ్యాలరీలో ఇంకో ధర పెట్టకండి, కొన్నవాళ్ళు మాట్లాడుకుంటారు. ఆర్డరైతే 40 శాతం ముందు, ముతక రూపం తేలాక 30, ఇచ్చేటప్పుడు 30. నోటిమాట మీద మొదలుపెట్టకండి, కనీసం వాట్సాప్‌లోనైనా కొలత, చెక్క, గడువు, డబ్బు రాయించుకోండి. ఏసీలో పెడతారా, ఎండ తగిలే వరండాలోనా, అదీ అడిగి రాసుకోండి. ఒక అపార్ట్‌మెంటు వాళ్ళు హాల్లో అని చెప్పి డాబా మీద పెట్టారు. రెండు వానాకాలాలు గడిచాక నన్ను తిట్టారు. ఆ మెసేజి నా దగ్గర ఉండబట్టి మాట దక్కింది.

డిగ్రీ గురించి. ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, మన ఊళ్ళోనే. నేను చదవలేదు, చదివి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. మట్టి, రాయి, లోహం అన్నీ చెయ్యి పెట్టి చూడటం, ఇతరుల పని మీద మాట్లాడటం నేర్చుకోవడం, దరఖాస్తుల్లో రాసుకోవడానికి ఒక అర్హత, ఇవి చిన్న విషయాలు కావు. టీచరు ఉద్యోగం ఎప్పటికైనా చేయాలనుకుంటే డిగ్రీ తప్పదు. సంప్రదాయ పద్ధతి కావాలంటే తిరుపతిలో టీటీడీ వారి శిల్ప శిక్షణ సంస్థలో కొయ్య శిల్పానికి నాలుగేళ్ళ డిప్లొమా ఉంది, కానీ అది పదో తరగతి అయ్యాక చేరే పిల్లలకు. మీ వయసుకు, ఇంటి పరిస్థితికి నా సలహా వేరు. ముందు సెలవుల్లో ఒక పనిచేసే శిల్పి దగ్గర రెండేళ్ళు కూర్చోండి. తర్వాత కూడా కావాలనిపిస్తే చదవండి.

ఒక ఆదివారం లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక వెళ్ళిరండి. ఇక్కడి నుంచి అరవై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ చేసేది మన పని కాదు, అంకుడు కర్రను తిప్పుడు యంత్రం మీద తిప్పి లక్క రంగు పట్టిస్తారు. కానీ సహజ రంగుల కోసం ఏళ్ళ తరబడి పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఆ బొమ్మలకు జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సొంత వస్తువన్న గుర్తింపు, దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటం మీద ఆ బొమ్మలే ఉన్నాయి. ఒక ఊరు ఒకే చెక్కను పట్టుకుని ఎంత దూరం వెళ్ళిందో కళ్ళారా చూడండి, వాళ్ళు కర్ర ఎలా నిల్వ చేస్తారో అడగండి.

ప్రభుత్వం వైపు నుంచి రెండు పనికొచ్చేవి. ఒకటి, కేంద్ర హస్తకళల విభాగం ఇచ్చే పెహచాన్ కార్డు. గాంధీ శిల్ప బజార్ లాంటి మేళాల్లో స్టాలుకు అది అక్కరకొస్తుంది. రెండోది, 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం. అందులో 18 వృత్తులున్నాయి, వడ్రంగి, శిల్పి, బొమ్మల తయారీ మూడూ ఉన్నాయి. శిక్షణ రోజులకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000, తాకట్టు లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల వరకు అప్పు. కానీ అది చేతిపనితో సొంతంగా బతికేవాళ్ళకు, ఇంటికి ఒకరికే. మీరు ఉద్యోగం మానాక చూడాల్సింది. మొదటి రోజే అప్పు తీసుకోకండి. పనిముట్ల సాయం వేరు, అప్పు వేరు.

అమ్మగారి మాట కొట్టిపారేయకండి. వడ్రంగి ఇంట్లో పని లేని నెల ఎలా ఉంటుందో ఆవిడ చూసే ఉంటారు. ఆవిడకు శిల్పం గొప్పతనం చెప్పే బదులు ఒక పుస్తకం చూపించండి. అందులో కలప ఎంత ఉంది, ఎన్ని బొమ్మలు అమ్ముడయ్యాయి, బ్యాంకులో ఎంత ఉంది అన్నది రాసి ఉండాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాకే మానండి. కంపెనీతో పాటు ఈఎస్‌ఐ కూడా పోతుంది, కాబట్టి ఆరోగ్య బీమా ముందే తీసుకోండి. మాస్కు లేకుండా గ్రైండరు పట్టుకోకండి. చెక్క పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. మా గురువుగారు చివరి రోజుల్లో దగ్గుతూ నిద్రపోలేకపోయేవారు. ఆయన షెడ్డులో కిటికీ ఉండేది కాదు.

చివరగా నాన్నగారి ఉలులు. వాటిని దయచేసి గ్రైండింగ్ షాపుకు ఇవ్వకండి. వేడెక్కి ఉక్కు నీలం తిరిగితే దాని గట్టిదనం పోతుంది, మళ్ళీ పదును నిలవదు. ఒక రాత్రి కిరోసిన్‌లో నానబెట్టండి, పిడి తడవకుండా. పొద్దున్నే సన్నటి ఇనుప పీచుతో రుద్దితే తుప్పు ఊడొస్తుంది. తర్వాత ముతక సానరాయి, ఆపైన నున్నటిది, నీళ్ళు చిలకరిస్తూ నెమ్మదిగా నూరండి. ముందు ఉలి వీపు చదునుగా అద్దంలా రావాలి, పదును ఆ తర్వాత. ముంజేతి వెంట్రుకలు తెగితే చాలు. మన గాలికి రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది కాబట్టి పని అయ్యాక కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, గుడ్డలో చుట్టి పెట్టండి. పిడులు మాత్రం మార్చకండి. ఎన్నో ఏళ్ళు ఒకే చెయ్యి పట్టుకున్న పిడి మీద బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉంటుంది, చూడండి. మీ వేలు అందులో కూర్చుంటుందో లేదో నాకు రాయండి. దాంతోపాటు ఇప్పటివరకు చెక్కిన వాటిలో మూడు బొమ్మల ఫొటోలు, ముందు వైపువి కాదు, వెనక వైపువి పంపండి.